వెనకసీటు కుట్టు

పోయిన వారం ఈ కథ చెబుతూ నన్ను నేనే ఒక ముసలి ఆకుపచ్చ కారు వెనకసీట్లో కూర్చోబెట్టి ఆపేశాను. మీరు మరిచిపోయినా నా నడుం మరిచిపోలేదు. ఆ సీటు వీపులో ఎడమవైపు ఒక గడ్డ ఉంది. కారు గతుకులో పడినప్పుడల్లా అది నా వెన్నులో పొడుస్తోంది. స్టీరింగు దగ్గర మా ఆయన. ఆయన పక్కన, నేను కూర్చోవలసిన చోట, డ్రాయింగు టీచరు.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. మాది షాపు ఒకటి, పనులు రెండు. ముందు భాగంలో మా ఆయన ఇంజన్లు బాగుచేస్తాడు. వెనక భాగంలో నేను కార్ల సీట్లు కుడతాను. ఈమధ్య డ్రాయింగు టీచరు ఈ కారును మా గుమ్మంలోకి తెచ్చింది. దాని సొంత ఇంజను ఎప్పుడో పోయింది. ఎవరో ఇంకో కారు ఇంజను తీసి ఇందులో బిగించారు. పొగ రూలు ప్రకారం అదేం తప్పు కాదు. ఇంజను కారుకంటే పాతది కాకుండా ఉంటే చాలు. కాకపోతే గాలి పాడుకాకుండా ఆ ఇంజనుకి కంపెనీవాళ్ళు ఇచ్చిన సామానంతా దానితోపాటు రావాలి. ఒక్కటి తగ్గినా రిజిస్ట్రేషను లేదు. మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు ఇన్‌స్పెక్టరు అన్నీ చూసి, "బొగ్గు డబ్బా ఏదీ?" అన్నాడట. పెట్రోలు ట్యాంకులోంచి లేచే ఆవిరి బయటికి పోకుండా పీల్చుకునే డబ్బా అది. లోపల బొగ్గు ఉంటుంది. ఆ కారులో అది కనపడలేదు. ఇవాళ్టితో గడువు ఆఖరు. ఇవాళ కూడా చూపించలేకపోతే కారు తిన్నగా తుక్కు యార్డుకే.

పోతే పోనీ. నాకు కావలసిందీ అదే.

ఎందుకంటారా? ఆ డబ్బా పేరు చెప్పి మా ఆయన రోజూ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళాడు కనక. కారు ఆవిడ షెడ్డులో ఉంది కాబట్టి అక్కడికే వెళ్ళి వెతకాలిట. మా వంటింట్లో కుళాయి కారుతుంటే కింద గిన్నె పెట్టి చేతులు దులుపుకున్న మనిషి, ఆ కారు కింద పడి పొర్లాడు. ఇంటికొచ్చి ఈల వేసుకుంటూ స్నానం చేసేవాడు. ఆయన ఈల విని ఎన్ని ఏళ్ళయిందో! పెళ్ళికి ముందు, మా నాన్న సీట్ల షాపుకి ఏదో పని కల్పించుకుని వచ్చే రోజుల్లో వేసేవాడు. అప్పుడా ఈల నా కోసం కాదు, మా అక్క కోసం. నా కుళ్ళుకి పుట్టిల్లు అదే. అక్క నాన్నతో గొడవపడి ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆయన నన్ను చేసుకున్నాడు. మా ఇంట్లో అక్క మాట ఎవరూ ఎత్తరు. నేనసలే ఎత్తను.

అవును, నాకు కుళ్ళు. ఒప్పుకోడానికి సిగ్గెందుకు? నా మొగుడి మీద నాకు కాకపోతే ఎదురింటావిడకుంటుందా?

పైగా నన్ను ఇవాళ రమ్మన్నది కూడా ఆ టీచరే. "మీరూ రండి, వెనకసీట్లో కూర్చుందురుగాని, తప్పకుండా రావాలి," అంది నవ్వుతూ. నా మొగుడు నడిపే కారులో నాకు వెనకసీటు చూపిస్తుందా! ఒళ్ళు మండిపోయింది. మండినా వెళ్ళాను. నేను వెళ్ళకపోతే వాళ్ళిద్దరూ వెళ్తారు కదా మరి.

బండ్ల పొగ పరీక్షల షెడ్డు పొడుగ్గా, రేకుల కప్పుతో ఉంది. నేలమీద పసుపు గీతలు. మధ్యలో కారు చక్రాలు తిరగడానికి ఇనుప రోలర్లు, వాటి పక్కన పొగ కొలిచే మిషను. మా ముందున్న కార్లు ఒక్కొక్కటే గొట్టం పెట్టించుకుని, దగ్గి, వెళ్ళిపోయాయి. బయట గేటు పక్కన బెంచీ మీద కొందరు కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నారు.

ఇన్‌స్పెక్టరు మనిషి సన్నం, గొంతు లావు. మమ్మల్ని చూడగానే, "మళ్ళీ వచ్చిందా మా బామ్మ?" అని బానెట్ మీద తట్టాడు. "దిగండి, అందరూ దిగండి. డబ్బా దొరికిందా?"

"దొరికింది సార్," అన్నాడు మా ఆయన. డిక్కీలోంచి గుడ్డలో చుట్టిన డబ్బా ఒకటి తీసి, పసిపిల్లని చూపించినట్టు చూపించాడు. దాని కోసం తుక్కు యార్డులన్నీ గాలించాడు.

ఇన్‌స్పెక్టరు దాన్ని తిరగేసి, అడుగున గుద్దిన నంబరు చదివి, తిరిగి చేతిలో పెట్టేశాడు.

"ఇది వేరే ఇంజనుది. పనికిరాదు."

"పని మాత్రం అదే చేస్తుంది సార్."

"మా బావమరిది కూడా నా పని చేస్తాడు. అలాగని నా కుర్చీలో కూర్చోబెడతారా? ఈ ఇంజనుతో వచ్చిన డబ్బా కావాలి. ట్యాంకు నుంచి ఆవిరి పైపు బయలుదేరింది, డిక్కీ రేకు దగ్గర లోపలికి పోయింది, మళ్ళీ ఇంజను దగ్గర తేలింది. మధ్యలో ఏముందో చూపించండి. లేకపోతే తుక్కు కాయితం రాస్తాను."

ఆ మాట విన్నాక నా వెన్ను గుర్తొచ్చింది.

నేను వెనక తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. చెయ్యి లోపలికి పెట్టి ఆ గడ్డని నొక్కాను. స్ప్రింగు అయితే చేతికి ఎదురు తన్నుతుంది. పీచు ఉండకడితే కరుగ్గా ఉన్నా లోపలికి దిగుతుంది. ఇది రెండూ కాదు. గోటితో కొట్టాను. రెగ్జిను వెనకాల, పలచటి స్పంజి వెనకాల, డబ్బా చప్పుడు.

మా ఆయన డిక్కీ వైపు నుంచి ఎంత చూసినా నున్నటి రేకే కనపడుతుంది. ఇంజన్ల మనిషి కదా, ఇనుముని నమ్ముతాడు. సీటుని ఎందుకు అనుమానిస్తాడు?

నాకు తెలిసిపోయింది. నోరు మాత్రం విప్పలేదు.

ఎందుకు విప్పాలి? ఒక్క పావుగంట కుక్కిన పేనులా ఉంటే చాలు. కారు తుక్కుకి పోతుంది. టీచరు నడుచుకుంటూ ఇంటికి పోతుంది. మా ఆయన సాయంత్రాలు మళ్ళీ నావి అవుతాయి, కుళాయి కూడా బాగవుతుందేమో. కారుతోపాటు ఆ ఈల కూడా తుక్కులో పడితే నాకింకేం కావాలి? ఇన్ని రోజుల్లో మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

మా ఆయన ఇన్‌స్పెక్టర్ని బతిమాలుతున్నాడు. "ఇంకొక్క వారం ఇప్పించండి సార్, ఇది మామూలు బండి కాదు, ఇంజను బిగించిన పనితనం చూడండి, ఇలాంటి చెయ్యి ఎక్కడా దొరకదు..." నేను పురుడు పోసుకున్నప్పుడు కూడా డాక్టరుతో అలా మాట్లాడలేదు. టీచరు కళ్ళనిండా నీళ్ళు. మా ఆయన జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాడు. ఆ రుమాలు అంచు కుట్టింది నేను.

అటు చూడలేక తల తిప్పుకుని సీటుకేసి చూశాను. అప్పుడు కనపడింది, గడ్డ పక్కనే పై నుంచి కిందికి దిగిన కుట్టు. వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళాను. కుట్టు చివర దారం కొస లేదు. ముడి లేదు. ఇంకాస్త నొక్కితే లోపల చిన్న గింజలా తగిలింది.

నా వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

అది నాన్న ముడి. మైనం పూసిన దారాన్ని మూడు మెలికలు తిప్పి, కొసని మళ్ళీ కుట్టు లోపలికే వెనక్కి తోసెయ్యాలి. కంటికి కనపడదు, చేతికే తెలుస్తుంది. "ముడి విప్పేవాడు పనివాడు, కోసేవాడు కసాయి," అనేవాడు నాన్న. దాన్ని ఇంకెవరికీ నేర్పలేదు, కూతుళ్ళకి తప్ప. పెళ్ళయ్యాక నేను మా ఆయనకి నేర్పాను, వైర్లు కట్టుకోడానికి పనికొస్తుందని. నాన్న లేడు. అక్క మా లెక్కలోంచి ఎప్పుడో పోయింది. ఇంక మిగిలింది ఆయనా, నేనూ. నేను ఈ సీటు ముట్టలేదు.

అంటే పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగింది ఇవాళా నిన్నా కాదన్నమాట! ఈ కారు మా ఆయనకి కొత్త కాదు. ఎన్నడో వెళ్ళి, ఆవిడ సీటు కుట్టిపెట్టి, నేను నేర్పిన ముడి వేసి వచ్చాడు. ఇంటి పని నేర్పితే ఇంటికే ఎసరు పెట్టాడు.

"ఏవండీ, ఇలా రండి," అన్నాను.

"ఉండవే, సారుతో మాట్లాడుతున్నా."

"సారుతో తర్వాత. ముందు నాతో మాట్లాడండి."

నా గొంతు ఆ రేకుల కప్పుకి కొట్టుకుని తిరిగొచ్చింది. రోలర్ల దగ్గరున్నవాళ్ళు తిరిగి చూశారు. ఆయన వచ్చాడు. వెనకే టీచరు. పిలవకపోయినా ఇన్‌స్పెక్టరు కూడా వచ్చాడు.

"ఈ కుట్టు ఎవరు వేశారు?"

ఆయన చూశాడు. చెయ్యి పెట్టి తడిమాడు. మొహంలో రంగు మారింది. ఆ మారడం నేను చూశాను.

"నాకేం తెలుసు? పాత కారు. ఎవరో వేసుంటారు."

"ఎవరో! ఈ ముడి వెయ్యడం ఎంతమందికొచ్చండీ?"

"ఇప్పుడా ఈ గోల? ఇక్కడ కారు పోతోంది..."

"కారు పోతోందని ఏడుపు. కాపురం పోతోందని లేదు."

"అమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు, "మా మిషను సైలెన్సరు పొగనే కొలుస్తుంది. ఇళ్ళల్లో పొగకి మా దగ్గర ఏర్పాటు లేదు."

ఇంకో రోజైతే నేనూ నవ్వేదాన్నేమో. టీచరు ఒక అడుగు ముందుకొచ్చింది. "అది కాదండీ, అసలు సంగతేంటంటే..."

మా ఆయన ఆవిడకేసి చూసి, వద్దన్నట్టు కళ్ళతోనే సైగ చేశాడు. ఆవిడ టక్కున నోరు మూసుకుంది.

కళ్ళతో మాట్లాడుకునే దాకా వచ్చారన్నమాట! పెళ్ళినాటి నుంచీ ఇవాళ్టిదాకా నేను నోటితో చెప్పినవే ఈయనకి అర్థం కావు. ఆవిడకి కంటిసైగ సరిపోయింది. పనికెళ్ళినా పెళ్ళికెళ్ళినా నా సంచిలో చిన్న కత్తి ఉంటుంది, రెగ్జిను కోసేది. తీశాను.

"ఏయ్, ఏంటది!" అని ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే అదే.

"భయపడకండి, మీకు కాదు," అని కుట్టు మీద కత్తి పెట్టి పై నుంచి కిందికి లాగేశాను. ఎవరు కుట్టారో వాళ్ళ పనంతా చీలికలు కావాలి. నాకంతే కావాలి. రెగ్జిను నోరు తెరిచింది, స్పంజి పక్కకి ఒరిగింది. లోపల, సీటు వీపుకీ డిక్కీ రేకుకీ మధ్య చక్కగా అతికిన గూట్లో, నల్లటి డబ్బా. దాని నెత్తి మీద రెండు రబ్బరు పైపులు.



"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారే!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. టార్చి లోపలికి పెట్టి, మెడ వంచి, నంబరు పైకి చదివాడు. పైపుల్ని వేళ్ళతో నొక్కి చూశాడు. "ఈ ఇంజనుదే. ముందు చోటు చాలక ఇక్కడ పెట్టారు. చోటు మారితే ఏం కాదు, డబ్బా మారకూడదంతే. ఎవరు పెట్టారోగాని బుర్ర ఉన్నవాళ్ళు. కారుని రోలర్ల మీదికి ఎక్కించండి."

మా ఆయన నన్ను చూసిన చూపు! "నువ్వు... నీకెలా తెలిసిందే?" అన్నాడు. టీచరు నా రెండు చేతులూ పట్టేసుకుంది. నేను ఏ కారుని తుక్కులో పడెయ్యాలనుకున్నానో దాన్నే నా చేతులతో బతికించాను. నా కుళ్ళు నా శత్రువుకి పనికొచ్చింది. ఇంతకంటే దరిద్రం ఉంటుందా!

కారు రోలర్ల మీద గర్జించింది. పొగగొట్టంలో మిషను గొట్టం పెట్టారు. ఇన్‌స్పెక్టరు తెర మీద అంకెలు చూస్తూ తల ఊపుతున్నాడు. నేను ఒక పక్కకి వెళ్ళి నిలబడ్డాను. కుట్టు కోసినప్పుడు తెగిపడిన దారం ముక్క నా వేళ్ళకి చుట్టుకుని ఉంది. దాని చివర ముడి అలాగే ఉంది. ఊరికే ఉండలేక, అలవాటు కొద్దీ, గోటితో విప్పబోయాను.

రాలేదు. మెలిక ఎటు తిరగాలో అటు తిరగలేదు. మళ్ళీ ప్రయత్నించాను. అప్పుడు వెలుగులోకి పట్టుకుని చూశాను. మూడు మెలికలూ ఉన్నాయి. మూడూ ఎదురు తిరిగి ఉన్నాయి.

మా ఆయనది కుడిచేతి వాటం. నాదీ అంతే.

"నీ ఎడమచేతి వాటం తగలెయ్య! నీ ముడి విప్పాలంటే అద్దంలో చూసుకుంటూ విప్పాలే," అని నాన్న విసుక్కునేది ఒక్కరి మీదే.

"అక్క," అన్నాను.

గట్టిగా అనలేదు. అయినా మా ఆయన విన్నాడు. నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. నేలకేసి చూస్తున్నాడు.

"మీకు తెలుసు," అన్నాను.

"కుట్టు సంగతి ఇందాకే తెలిసింది. ఇంజను సంగతి... మొదటి రోజే. బానెట్ తియ్యగానే. వైర్లన్నీ ఎడమకి మెలేసున్నాయి. ఆ రోజుల్లో నా దగ్గర ఇంజను పని నేర్చుకుంటూ అలా మెలేసిన మనిషి ఇంకెవరుంటారు?"

"చెప్పలేదేం?"

"చెప్తే నువ్వా కారుని గుమ్మం ఎక్కనిస్తావా?"

"ఎక్కనివ్వను."

"అందుకే."

అంటే ఈల డ్రాయింగు టీచరు కోసం కాదు. పాపం, ఆవిణ్ణి ఎన్ని మాటలు అనుకున్నాను! ఆ ఈల ఎవరి కోసం పుట్టిందో మళ్ళీ వాళ్ళ కోసమే మోగింది. ఊళ్ళో ఉన్న ఆడవాళ్ళందరి మీదా కుళ్ళుకున్నా తట్టుకోగలను. అక్క మీద తట్టుకోలేను. మిగతావాళ్ళు నా దగ్గర్నుంచి లాక్కోవాలి. అక్కయితే తనది తను తీసుకుంటుంది.

"నన్ను ఇక్కడికి రప్పించడం ఎవరి ఆలోచన?" అని టీచర్ని అడిగాను.

ఆవిడ మా ఆయనకేసి చూడలేదు ఈసారి. సూటిగా నాతోనే చెప్పింది. "మీ అక్కదే. మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. డబ్బా ఎక్కడుందో చెప్పవే తల్లీ అని బతిమాలాను. చెప్పలేదు. 'మా చెల్లిని వెనకసీట్లో కూర్చోబెట్టు, చాలు, దానికే తెలుస్తుంది,' అంది."

"మరి ఈయన రోజూ మీ ఇంటికొచ్చేవారు..."

"మీ అక్క ఆయనకి కనపడలేదండీ. ఆయనొచ్చే వేళకి పైన గదిలోకి పోయి తలుపేసుకునేది. ఒక్కసారి కిందికి పిలవమని అడిగారు, తను రానంది."

అడిగారుట! ఎన్నిసార్లు అడిగారో నేను టీచర్ని అడగలేదు. అడిగితే చెప్పేస్తుందని భయం వేసింది.

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. నలుగురిలో ఎన్నడూ పట్టుకోని మనిషి, అంతమంది ముందు గట్టిగా పట్టుకున్నాడు. గ్రీజు మరకల చెయ్యి, నాకు తెలిసిన చెయ్యి. "నా మాట విను. కారు బాగుచేశానంతే. ఇంటికెళ్ళాక అంతా చెప్తాను. నాకు నువ్వు తప్ప..."

"పాస్!" అని ఇన్‌స్పెక్టరు కేక పెట్టాడు. "బామ్మ ఊపిరి ఈకాలం పిల్లకార్లకంటే శుభ్రంగా ఉంది. రండి, స్టిక్కరు తీసుకోండి. ఓనరు చేతికే ఇస్తాం. ఓనరు ఎవరు?"

నేను టీచరు వైపు చూశాను. ఆవిడ కదల్లేదు. గేటు వైపు చూస్తోంది.

బయట బెంచీ మీంచి ఒకావిడ లేచింది. మేము వచ్చినప్పటి నుంచీ అక్కడే కూర్చుని ఉంది. నేను ఆవిడ ముందు నుంచే లోపలికి వచ్చాను, గుర్తుపట్టలేదు. జుట్టు సగం నెరిసింది. నడక మాత్రం మారలేదు, నేల తనదే అన్నట్టు. ఎడమచేతిలో తాళంచెవులు ఆడిస్తూ లోపలికి వచ్చి, అదే చేత్తో స్టిక్కరు అందుకుంది. తర్వాత తెరిచి ఉన్న వెనక తలుపు దగ్గర ఆగి, చీల్చిన సీటుకేసి చూసింది.

"విప్పలేకపోయావా? కోసేశావా?" అంది నాతో. మధ్యలో అన్ని ఏళ్ళు లేనట్టే అంది.

"కోశాను," అన్నాను. "మళ్ళీ కుట్టిమ్మని అడక్కు."

"కుట్టించుకోడానికి రాలేదే." అక్క మా ఇద్దరికేసీ, ఒకదానిలో ఒకటి ఉన్న మా చేతులకేసీ చూసింది. "వెళ్ళిపోయేటప్పుడు మీ దగ్గర నాదొకటి వదిలేసి వెళ్ళాను. తీసుకుపోదామని వచ్చాను."

నేను చెయ్యి ఇంకా గట్టిగా బిగించాను. నా వేళ్ళ మధ్య మా ఆయన చెయ్యి మెల్లగా వదులైంది.